బలం సూదికి అందని సంగతి

వానాకాలం జ్వరం వచ్చి తగ్గిన మనిషి, వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా సరే, ఆర్‌ఎంపీ దగ్గర కూర్చుని అడిగే మాట ఒకటుంది: ‘ఒక బలం సూది వేయరాదు’. చేతిలో నాలుగు పైసలున్నవాళ్లు రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించుకుని గానీ లేవరు. హనుమకొండ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇదే కోరికను కాస్త నాగరికంగా, ఇమ్యూనిటీ పెంచుకోవాలి అని చెబుతారు. కరోనా రోజుల్లో ఈ కోరిక పెద్ద అంగడే అయింది. మిరియాల కషాయం, పసుపు పాలు, తిప్పతీగ రసం, జింక్ మాత్రలు, చప్పరించే విటమిన్ సి బిళ్లలు ఇంటింటికీ చేరాయి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక నాటుమందు కోసం వేల మంది బారులు తీరారు. చదువుకున్నవారు, చదువుకోనివారు అన్న తేడా ఈ విషయంలో పెద్దగా కనిపించదు. అందరి ఊహా ఒకటే: ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఒకటుంది, అది మిద్దె మీది ట్యాంకులో నీళ్లలా తగ్గుతుంటుంది, మోటరు వేస్తే నిండుతుంది. ఈ ఊహకు సగం బాధ్యత మనం పెట్టుకున్న పేరుదే. రోగనిరోధక ‘శక్తి’ అన్నాం. శక్తి అన్నాక ఎక్కువ తక్కువలు వచ్చి తీరతాయి, ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం వాటి వెంటే వస్తుంది. కానీ దేహం తనను తాను కాపాడుకునే తీరును దగ్గరగా చూస్తే అందులో బలం పాత్ర చిన్నదే. పరాయిదాని ఆనవాలు పట్టడం, పట్టిన ఆనవాలు మరవకపోవడం, అక్కరలేని చోట చేయి చేసుకోకుండా ఆగడం, పనితనమంతా ఇక్కడుంది. ఈ మాటకు సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. మన ప్రాంతంలో మనుషుల్ని మంచాన పడేసే జబ్బులే చాలు.

పత్తి చేనులో తుమ్మముల్లు గుచ్చుకున్న కాలితో మొదలుపెడదాం. ముల్లు విరిగి లోపలుండిపోతే కాసేపటికే అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. ఈ నాలుగూ ముల్లు చేసిన పనులు కావు, ఒళ్లు తనకు తాను చేసుకున్నవి. ముల్లుతో పాటు లోపలికి పోయిన సూక్ష్మజీవుల పైపొర మీద కొన్ని రసాయన గుర్తులుంటాయి. మన కణాల మీద అవి ఉండవు. చర్మం కింద కాపు కాసే మాక్రోఫేజ్ అనే కణాలు ఆ గుర్తుల్ని పసిగట్టి సంకేతాలు వదులుతాయి. దాంతో అక్కడి రక్తనాళాలు వదులై నెత్తురు ఎక్కువ పారుతుంది, వాటి గోడల సందుల్లోంచి తెల్ల రక్తకణాలు బయటికొచ్చి సూక్ష్మజీవుల్ని మింగుతాయి. మింగి చచ్చిన కణాల కుప్పే చీము. సంకేతాలు మెదడు దాకా చేరితే, ఒంటి వేడి ఎంతుండాలో నిర్ణయించే కేంద్రం తన లెక్కను పైకి జరుపుతుంది. కొత్త లెక్క ప్రకారం ఒళ్లు ఇంకా చల్లగా ఉన్నట్టే కాబట్టి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగదు. చలిజ్వరం అని మనం అంటున్నది ఈ సర్దుబాటునే. పుట్టుకతో వచ్చిన ఈ తొలి కాపలాకు వేగమే గొప్ప, మొరటుతనమే లోపం. ఎవరొచ్చారో దానికి పట్టదు, పరాయివాడా కాదా అన్నదొక్కటే చూస్తుంది.

రెండు మూడు రోజులకు గజ్జల్లో బిళ్ల కడుతుంది. ముల్లు అరికాల్లో ఉంటే బిళ్ల గజ్జల్లో కట్టడమేమిటన్న ప్రశ్నకు జవాబులోనే దేహరక్షణలోని రెండో అంతస్తు ఉంది. దెబ్బ తగిలిన చోటునుంచి కొన్ని కణాలు సూక్ష్మజీవి ముక్కల్ని మోసుకుంటూ లింఫ్ నాళాల గుండా పైకి ప్రయాణించి గజ్జల్లో, చంకల్లో, మెడ కింద ఉండే ఈ బిళ్లల్లోకి చేరతాయి. అక్కడ టి కణాలు, బి కణాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో కణం పట్టగలిగింది ఒక్క ఆనవాలునే. మోసుకొచ్చిన ముక్క దేనికి సరిపోతుందో ఆ కణం ఒకటి రెండై, రెండు నాలుగై, వేలు లక్షలై పెరుగుతుంది. చేతికి తగిలే ఆ ఉబ్బు ఈ పెరుగుదల వల్ల వచ్చిందే. బి కణాలు యాంటీబాడీలు తయారుచేసి నెత్తురులోకి వదులుతాయి, టి కణాల్లో కొన్ని వైరస్ పట్టిన కణాల్ని వెతికి చంపుతాయి. రేపు ఏ క్రిమి వస్తుందో తెలియకుండానే ఇన్ని కోట్ల ఆనవాళ్లు ముందే ఎలా సిద్ధంగా ఉంటాయి అన్నది చాలాకాలం తేలని చిక్కు. మనిషికున్న జన్యువులు 20 వేలకు అటూ ఇటూ, కావలసిన ఆనవాళ్లు కోట్లలో. జన్యువుల ముక్కల్ని పేకముక్కల్లా కలిపి ప్రతి కణంలో ఒక కొత్త వరస వచ్చేలా ఒళ్లు పంచుకుంటుందని కనిపెట్టినందుకు జపాన్ శాస్త్రవేత్త సుసుము తొనెగవాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. పేకముక్కలు ఎన్నిసార్లు కలిపినా ముక్కలు అవే, పడే వరసలకు మాత్రం అంతుండదు.

ఇలా గుడ్డిగా కలిపి పంచినప్పుడు మన సొంత కణాలకే గురిపెట్టే ముక్కలు కూడా పడతాయి. అందుకని టి కణాలన్నీ రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో ఒక పరీక్షకు కూర్చోవాలి. ఏ ఆనవాలునూ పట్టలేనివి పనికిరావు, సొంతవారిని మరీ గట్టిగా పట్టేవి అసలే పనికిరావు. నూటికి 95కు పైగా అక్కడే చచ్చిపోతాయి. బలమే లెక్కలోకి వచ్చేదైతే ఇంత సైన్యాన్ని గడప దాటకముందే చంపుకునే ఒళ్లు ఉత్త దుబారా మనిషి అనుకోవాలి. ఆ గ్రంథి బాల్యంలో పెద్దదిగా ఉండి వయసు మీద పడేకొద్దీ కుంచించుకుపోతుంది. ముసలితనంలో కొత్త జబ్బు త్వరగా లొంగకపోవడానికి ఇదొక కారణం.

జ్ఞాపకం సంగతి మన జనానికి పుస్తకాలు చెప్పకముందే తెలుసు. ఆటలమ్మ ఒక్కసారే పోస్తుందన్నది ఊరందరి అనుభవం. మశూచి పోసి బతికినవారికి అది మళ్లీ రాదని కూడా తెలుసు, అందుకే ముఖం మీద మచ్చలున్నవారు రోగి దగ్గర కూర్చోవడానికి జంకేవారు కాదు. పోచమ్మకు బోనం ఎత్తిన చేతులే పక్కింటి రోగికి వేపమండలు విసిరాయి. ఆ అనుభవాన్ని 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చే అమ్మవారితో ప్రయోగించి చూశాక టీకా పుట్టింది. మనదేశంలో మశూచి చివరి కేసులు 1975లో కనిపించాయి, 1980లో అది భూమి మీదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మొదటిసారి సరైన కణాన్ని వెతికి పెంచడానికి వారం పది రోజులు పట్టే ఒళ్లు, రెండోసారి అదే క్రిమి వస్తే రెండు మూడు రోజుల్లోనే యాంటీబాడీలతో ఎదురొస్తుంది. ఆ వారం రోజుల తేడాలోనే ప్రాణం ఉంది. టీకా ఒంటికి బలం ఇవ్వదు. రాబోయేవాడి ముఖాన్ని ముందుగా ఒకసారి చూపించి పోతుంది, అంతే.

చూపించడంలో కూడా నేర్పుండాలి. ఇందుకు మంచి ఉదాహరణ హైదరాబాద్ శివారులోని జీనోమ్ వ్యాలీలోనే ఉంది. టైఫాయిడ్ బాక్టీరియా పైన చక్కెర పదార్థంతో అయిన పొర ఉంటుంది. ఆ చక్కెరను మాత్రమే తీసి చేసిన పాత టీకా రెండేళ్లలోపు పిల్లల్లో పనిచేసేది కాదు, పెద్దల్లోనూ దాని జ్ఞాపకం కొన్నేళ్లకే మాసిపోయేది. కారణం ఏమంటే, టి కణాలు గుర్తించేది ప్రోటీన్ ముక్కల్ని, చక్కెరను కాదు. టి కణాల సాయం లేకుండా బి కణాలు చేసే పని ఇసుక మీద రాత. చక్కెరను ధనుర్వాతం టీకాలో వాడే ప్రోటీన్‌కు అతికించి ఇస్తే ఆ ప్రోటీన్‌ను చూసి టి కణాలు ముందుకొస్తాయి, వాటి పుణ్యాన బి కణాలు చక్కెరనూ చాలాకాలం గుర్తుంచుకుంటాయి. భారత్ బయోటెక్ ఈ పద్ధతిలో చేసిన టైప్‌బార్ టీసీవీని ఆరు నెలల పసివాళ్లకు కూడా ఇవ్వొచ్చు. టైఫాయిడ్‌కు ఇలాంటి అతుకు టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా అర్హత ఇచ్చింది దీనికే. ఇందులో మందు మోతాదు పెంచిన ఘనత ఏమీ లేదు, పాఠం చెప్పే తీరు మార్చారు.

ఇక ఆగడం సంగతి. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లిలో చేపమందు కోసం ఉబ్బసం రోగులు వేలల్లో వస్తారు. ఆ మందు గుణం పక్కన పెడదాం. వాళ్లలో చాలామంది తమకు ఒంట్లో శక్తి చాలకే ఆయాసం వస్తోందనుకుంటారు. నిజం అందుకు పూర్తిగా ఎదురు. పుప్పొడినో, దుమ్ములోని పురుగు రెట్టనో, ఎవరికీ ఏ హానీ చేయని వాటిని చూసి ఒళ్లు శత్రువనుకుని గోల చేయడమే చాలామందిలో ఉబ్బసం. కీళ్లవాతం ఇంకో మెట్టు పైది, అక్కడ ఒళ్లు తన కీళ్ల పొరల్నే కొరుక్కుంటుంది. అలాంటివారికి ఇమ్యూనిటీ పెంచడమంటే మండే కొంపలో కిరసనాయిలు పోయడమే. వాళ్లకిచ్చే మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్, వారానికోసారి చిన్న మోతాదులో, దేహరక్షణ దూకుడుకు కళ్లెం వేయడానికి ఇచ్చేది. ఈ మందుకు మూలమైన పరిశోధన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో జరిగింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాల కోసం, కాన్సర్ వైద్యానికని మొదలైన అన్వేషణ కీళ్ల దాకా వచ్చింది. 2025 నోబెల్ వైద్య బహుమతి కూడా ఈ కళ్లెం గురించే. థైమస్ పరీక్షను ఎలాగో దాటి వచ్చిన దుడుకు కణాల్ని రక్తంలో వెంటాడి అదుపు చేసే ప్రత్యేక టి కణాలుంటాయని తేల్చినందుకు షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు దాన్ని పంచారు. సకగుచి 1995లో ఈ మాట చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. ఆపేవాడి గొప్పతనం శాస్త్రజ్ఞులకైనా ఆలస్యంగానే కనిపిస్తుంది కాబోలు.

ఇప్పుడు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి జ్వరాల వార్డుకు వెళదాం. వానలు పడి, నయీంనగర్ నాలా పొంగి తగ్గి, ఇళ్ల చుట్టూ డబ్బాల్లో, టైర్లలో, కూలర్లలో నీళ్లు నిలిచాక డెంగీ కాలం మొదలవుతుంది. 2019లో తెలంగాణలో నమోదైన డెంగీ కేసులు 13 వేలు దాటాయి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, పోలికలున్న అన్నదమ్ముల్లాంటివి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ దరిచేరదు. చాలామందిలో ఈ మొదటి డెంగీ మామూలు జ్వరంలా పోతుంది. ప్రమాదం ఎక్కువగా రెండోసారి, వేరే రకం వచ్చినప్పుడు. మొదటిసారి తయారైన యాంటీబాడీలు కొత్త రకాన్ని పోలిక పట్టి అంటుకుంటాయి గానీ దాన్ని చంపేంత సరిగ్గా అతకవు. తెల్ల రక్తకణాలకేమో యాంటీబాడీ అంటుకున్న దేన్నైనా పట్టి మింగే అలవాటు. వైరస్ కోరుకునేదీ అదే, ఎందుకంటే అది పెరిగేది ఆ కణాల్లోనే. కాపలావాడే చేయిపట్టి దొంగను ఇంట్లోకి తీసుకెళ్లినట్టవుతుంది. 1960లలో బ్యాంకాక్‌లో పనిచేసిన స్కాట్ హాల్‌స్టెడ్ బృందం ఒక వింత చూసింది. ఆరు నుంచి తొమ్మిది నెలల వయసు పసికందులకు మొదటి డెంగీలోనే ప్రాణం మీదికి వస్తోంది. వాళ్లకు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసుకు పలచబడి ఉంటాయి. రక్షించడానికి చాలవు, దారి చూపడానికి చాలు. నికరాగ్వాలో వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. యాంటీబాడీలు అసలు లేనివారి కంటే, బాగా ఉన్నవారి కంటే, మధ్యస్థంగా ఉన్నవారికే తీవ్ర డెంగీ ముప్పు ఎక్కువ. బాగా ఉంటే మంచిదేగా, అంటే పరిమాణమే గెలిచినట్టు కాదా అని ఎవరైనా అడగవచ్చు. కానీ పరిమాణమొక్కటే నిర్ణయించేదైతే సున్నా కంటే కొంత మేలు కావాలి, కొంత కంటే ఎక్కువ మేలు కావాలి. ఇక్కడ కొంత ఉన్నవాడే అందరికంటే నష్టపోతున్నాడు. ఆ లెక్క ట్యాంకు నీళ్ల ఊహలో ఇమడదు.

డెంగీలో ఇంకో చిత్రం ఉంది. జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, తగ్గుముఖం పట్టిన రోజునుంచి ఒకటి రెండు రోజుల్లో గండం వస్తుంది. అప్పటికి నెత్తురులో వైరస్ తగ్గిపోతూ ఉంటుంది, ఒంటి ప్రతిఘటన మాత్రం తారస్థాయిలో ఉంటుంది. ఆ ధాటికి సన్నని రక్తనాళాలు ఓటిపోయి నెత్తురులోని నీరు బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది. ‘జ్వరం తగ్గింది గదా, ఇంటికి పోదాం’ అని రోగిని బండెక్కించే వేళా ఇదే. ఇంకొందరు బలం కోసమని సీసా మీద సీసా ఎక్కిస్తారు. అలా ఎక్కించిన నీరు కూడా ఓటి నాళాల్లోంచి కారి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. డెంగీ వైద్యమంటే చాలావరకు గంట గంటకూ కొలిచి, కావలసినంత ద్రవమే ఇవ్వడం. బొప్పాయి ఆకు రసం ప్లేట్‌లెట్లను కొంత పెంచినట్టు కొన్ని చిన్న అధ్యయనాలున్నాయి గానీ ఈ కారడాన్ని ఆపుతుందన్న రుజువు లేదు. కరోనాలో చూసిందీ ఇలాంటిదే. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగం, దేహరక్షణను అణిచే చవక స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాల్ని మూడో వంతు తగ్గించిందని తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు అదే మందు మేలు చేయలేదు, కీడు చేసే సూచనలు కూడా కనిపించాయి. ఎప్పుడు పోరాడాలి, ఎప్పుడు చేతులు దించాలి అన్న తెలివి ఒంటికి తప్పినచోట వైద్యుడు అరువిచ్చాడు.

బలం పాత్ర చిన్నదన్న మాటకు ఎదురు చెప్పేవారి మాటల్లో అన్నిటికంటే బలమైనది తిండి గురించినది. కడుపు నిండా తిననివారికి జబ్బులు ఎక్కువ వస్తాయన్నది కళ్ల ముందరి నిజం కదా, మరి బలానికి విలువ లేదంటే ఎలా? ఈ మాటను తోసిపుచ్చే పనిలేదు. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలో ఉండే 10 వేలకు పైగా మందిని తీసుకుని, కొన్ని కుటుంబాలకు నెలనెలా సరుకులు, సూక్ష్మపోషకాల మాత్రలు ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ వచ్చేవారు దాదాపు 40 శాతం తగ్గారని 2023లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇంత ఫలితం ఇచ్చిన టీకాలు కూడా క్షయలో అరుదు. యాంటీబాడీ అంటే ప్రోటీన్, రోజూ కోట్ల కొద్దీ కొత్త తెల్లకణాలు పుట్టాలంటే ముడిసరుకు కావాలి. కానీ ఇందులో ఒక గీత ఉంది. లోటు పూడ్చడం వేరు, నిండిన కుండలో పోయడం వేరు. ఆ సరుకులు పనిచేసింది అన్నం చాలని ఇళ్లలో. రెండు పూటలా పప్పు, గుడ్డు, ఆకుకూర తింటున్న మనిషి డబ్బా పొడులు కొని కలుపుకుని తాగితే అదనంగా ఒరిగేది కనిపించదు. విచిత్రమేమంటే ఇమ్యూనిటీ సరుకు అమ్ముడుపోయేది లోటు లేని ఇళ్లలోనే, లోటున్న ఇంటికి దాని ధర అందదు. బలం సూదిలో సాధారణంగా ఉండే బి విటమిన్లూ ఈ లెక్కలోకే వస్తాయి. రక్తహీనతతో ఉన్న ఆడమనిషికి కావలసింది ఐరన్ మాత్రలు, ఆమెకు దొరుకుతున్నది రంగునీటి సూది.

మా తాతల కాలంలో టీకాలెక్కడివి, గట్టిగా బతకలేదా అన్నది రెండో మాట. బతికినవారినే మనం చూశాం. పదిమందిని కని ఐదుగురిని మట్టికి ఇచ్చుకున్న తల్లుల లెక్క ఆ గట్టితనంలో కలపం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనదేశంలో సగటు ఆయుష్షు ముప్పై రెండేళ్ల దరిదాపుల్లో ఉండేది. జబ్బు పడి లేస్తే ఒళ్లు రాటుదేలుతుందన్న నమ్మకానికి తట్టు ఒక్కటే చాలిన జవాబు. తట్టు వైరస్ జ్ఞాపకాలు దాచుకునే కణాల్నే చంపుతుంది. టీకా వేయించుకోని 77 మంది డచ్ పిల్లల నెత్తురును తట్టుకు ముందూ తర్వాతా పరీక్షిస్తే, ఇతర జబ్బుల మీద వాళ్లు సంపాదించుకున్న యాంటీబాడీ రకాల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయని 2019లో తేలింది. రాటుదేలడం అటుంచి పలక తుడిచేసినట్టయింది. దుమ్ములో ఆడే పల్లె పిల్లలకు అలర్జీలు తక్కువన్న పరిశీలనలో నిజం పాలు ఉంది. అయితే అక్కడ మేలు చేస్తున్నది ప్రాణాలు తీసే క్రిములు కావు, మట్టిలో, పశువుల కొట్టంలో ఉండే నిరపాయమైనవి. అవి నేర్పేదీ ఓర్పునే.

టీకాల వైపు నిలబడి మాట్లాడేవారు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మనదేశంలో క్షయకు బీసీజీ టీకా వేయడం 1948లో మదనపల్లెలో మొదలైంది. ఇరవై ఏళ్ల తర్వాత చెంగల్పట్టులో రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద చేసిన పరీక్షలో, పెద్దల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. పసిపిల్లల మెదడుకు క్షయ పాకకుండా అది కాపాడుతుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు. డెంగీ టీకా కథ ఇంకా చేదు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు డెంగ్వాక్సియా వేశాక, అంతకుముందు డెంగీ రానివారిలో ఆ టీకా తీవ్ర డెంగీ ముప్పును పెంచుతోందని 2017 చివర్లో తయారీదారే ప్రకటించింది. టీకా వాళ్ల ఒంటికి మొదటి డెంగీలాగా, అరకొర ఆనవాలునే నేర్పింది. టీకాలను ద్వేషించేవారు ఈ రెంటినీ చూపి అన్నీ ఇంతేనంటారు. ఇవి చూపేది వేరు: తప్పు పాఠం చెబితే ఒళ్లు తప్పే నేర్చుకుంటుంది.

చివరగా, మన నేలకు బాగా ఎరుకైన జబ్బు. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో, కరీంనగర్‌లో, నల్లగొండలో బోదకాలు ఈడ్చుకుంటూ నడిచే ముసలివాళ్లను చూడనివారుండరు. తెలంగాణలో వాళ్లకు ప్రభుత్వ పింఛను కూడా ఉంది. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ జబ్బు పురుగును మోస్తుంది. దారంలాంటి ఆ పురుగులు లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి ఐదారేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతికి, లక్షల పిల్లల్ని నెత్తురులోకి వదులుతాయి. ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, దోమ కుట్టే వేళకు, రాత్రి పది నుంచి రెండు మధ్య, చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి. పరీక్ష చేసే సిబ్బంది రాత్రిపూట తలుపులు తట్టేది అందుకే. ఒక సూక్ష్మజీవి కాదు, అరచేయంత పొడవుండే పురుగు ఏళ్ల తరబడి ఒంట్లో కదులుతుంటే సైన్యం ఏంచేస్తోంది? పురుగు ఆ సైన్యంలోని ఆపేవారిని మచ్చిక చేసుకుంటుంది. ఇందాక చెప్పిన అదుపు కణాల్ని పెంచే సంకేతాలు వదిలి, ఇక్కడ గొడవేమీ లేదని ఒంటిని నమ్మిస్తుంది. అందుకే నెత్తురు నిండా పురుగు పిల్లలున్న మనిషి చాలాసార్లు నిక్షేపంగా, కాళ్లు సన్నగా, పొలం పని చేసుకుంటూ ఉంటాడు. కాలు ఏనుగు కాలంత ఉబ్బిన మనిషి నెత్తురులో చాలాసార్లు ఒక్క పురుగు పిల్ల కూడా దొరకదు. ఉబ్బుకు కారణం పాడైన లింఫ్ నాళాలు, చచ్చే పురుగుల మీద ఒళ్లు చేసిన దాడి, వేళ్ల సందుల పుండ్లలోంచి మాటిమాటికీ చేరే బాక్టీరియా. కాలును రోజూ సబ్బుతో కడిగి తుడిచి ఆరబెట్టుకుంటే చాలు, నెలకోసారి వచ్చే జ్వరాలు బాగా తగ్గుతాయి. ఇద్దరిలో ఎవరికి రోగనిరోధక శక్తి ఉన్నట్టు, ఎవరికి లేనట్టు?

బోదకాలుకు ప్రభుత్వం ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర కూడా 1940లలో సుబ్బారావు బృందం లెడర్లీలో తయారుచేసిందే. ఈ మందులో ఒక విశేషముంది. గాజు పాత్రలో పురుగు పిల్లలతో కలిపి పెడితే అది వాటిని పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్లాక గంటల్లోనే అవి నెత్తురులోంచి మాయమవుతాయి. మందు వాటి ముసుగు లాగేస్తుంది, చంపే పని తెల్లకణాలే చేస్తాయన్నది శాస్త్రవేత్తలు చెప్పే వివరణ. భీమవరం మనిషి పనిచేసిన ఒకే ప్రయోగశాల నుంచి దేహరక్షణను ఆపే మందూ, దాన్ని మేల్కొలిపితే తప్ప పనిచేయని మందూ వచ్చాయి. మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. తెల్లారేసరికి ఆ కబురు వాడంతా పాకుతుంది, సర్కారు మాత్రతో జ్వరాలొస్తున్నాయని. పక్క వీధివాళ్లు తమ మాత్రల్ని కొంగున ముడేసుకుని, ఆశా కార్యకర్త మలుపు తిరగగానే పెంటకుప్ప మీద పారేసేవారు. ఆ జ్వరం ఎక్కువగా వచ్చేది నెత్తురులో పురుగు పిల్లలున్నవారికే. లేనివారికి మాత్ర మింగినా చాలావరకు ఏమీ కాదు. ఏళ్లుగా పక్కనే తిరుగుతున్నవాటిని ఒళ్లు ఆ రాత్రి మొదటిసారి పరాయివని పోల్చుకుంటుంది, వణుకు దానిదే. ఇప్పుడు కార్యకర్తలు మాత్రలు చేతికిచ్చి పోవడం లేదు. అన్నం తిన్నారా అని అడిగి, నీళ్లు తెప్పించి, తమ ఎదుటే మింగమంటున్నారు.